ఊహ కుడి మెదడు పనేనా? పక్షవాతం వచ్చిన చేతికి ఊహలో వ్యాయామం

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్లు, కుడిచేతి వాటం. ఐదు నెలల క్రితం మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయి పక్షవాతం వచ్చింది. నడక చాలావరకు కుదిరింది. కుడిచెయ్యి భుజం దగ్గర లేస్తోంది గానీ వేళ్లు సరిగా విచ్చుకోవు. మనం చెప్పేది అర్థమవుతుంది, తనకి మాట తడబడుతుంది. రోజూ చెయ్యి కదుపుతున్నట్టు ఊహించుకోమని ఫిజియోథెరపిస్టు చెప్పారు. అమ్మ రెండు నిమిషాలు కళ్లు మూసుకుని “అయిపోయింది” అంటుంది. చెయ్యి కనిపిస్తోందట గానీ ఏమీ అనిపించడం లేదట. “ఊహ కుడి మెదడు పని, దెబ్బ తిన్నది ఎడమది, కాబట్టి ఊహకి ఢోకా లేదు” అని మా బావగారు అంటున్నారు. నిజమేనా? అసలు ఎలా చేయించాలి? మళ్లీ వాకిట్లో ముగ్గు పెట్టాలని అమ్మ ఆశ. – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ముందు మీ బావగారి మాట తేల్చుకోవాలి. చేయించే పద్ధతి దాన్నిబట్టే మారుతుంది. లెక్కలు ఎడమ మెదడుకీ ఊహలు కుడి మెదడుకీ అన్న పంపకం వినడానికి బాగుంటుంది. చేతి కదలిక దగ్గరికి వచ్చేసరికి అది నిలబడదు. చెయ్యి కదుపుతున్నట్టు ఊహించడం మనసులో బొమ్మ గీసుకోవడం కాదు. కదలికను పూర్తిగా సిద్ధం చేసి, కండరానికి ఆజ్ఞ వెళ్లకుండా ఆపి ఉంచడం. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో ఆ సిద్ధం చేసే పనిలో పెద్ద వాటా ఎడమ మెదడుదే. అంటే మీ అమ్మగారికి దెబ్బ తగిలింది ఈ పనికి ముఖ్యమైన వైపే. అంతమాత్రాన ఊహ పోయిందని అనుకోనక్కర్లేదు. పక్షవాతం వచ్చిన చాలామందిలో అది మిగిలే ఉంటుంది. కాకపోతే ఎంత మిగిలిందో చూసుకుని మొదలుపెట్టాలి.

రెండు మెదళ్ల వాటాలు కాస్త వివరంగా చూద్దాం. కుడిచేతిని ఎడమ మెదడు, ఎడమచేతిని కుడి మెదడు నడుపుతాయి. మెదడు నుంచి కండరాల వైపు దిగే ప్రధాన నరాల తంతువుల్లో 85 నుంచి 90 శాతం వెన్నుపాము మొదలయ్యే చోటికి కాస్త పైన పక్కలు మారతాయి. ఊహలోనూ మొదటి నియమం ఇదే. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు, మెదడులో చేతికి సంబంధించిన ప్రాంతం మీద ఈఈజీలో (తల మీద తీగలు అంటించి మెదడు విద్యుత్తుని కొలిచే పరీక్షలో) సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఒక లయ కనిపిస్తుంది. కుడిచెయ్యి కదిపితే ఎడమవైపు ఆ లయ తగ్గుతుంది. కదపకుండా, కదుపుతున్నట్టు ఊహించుకున్నా తగ్గుతుంది. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో గెర్ట్ ఫుర్ట్‌షెల్లర్ బృందం ఈ తగ్గుదలనే పట్టుకుని, ఊహతో కంప్యూటర్‌కి సంకేతం ఇచ్చే పద్ధతులు తయారుచేసింది.

ఇంకా స్పష్టమైన ఆధారం మూర్ఛ తగ్గడం కోసం మెదడు రెండు సగాలను, అంటే అర్ధగోళాలను, కలిపే నరాల వంతెన కోయించుకున్నవాళ్ల దగ్గర దొరికింది. లారెన్స్ పార్సన్స్, మైకేల్ గజానిగా మొదలైనవాళ్లు 1998లో ప్రచురించిన పరీక్షలో వాళ్లకి రకరకాలుగా తిప్పిన చేతి బొమ్మలు క్షణకాలం చూపించి, అది ఎడమచెయ్యో కుడిచెయ్యో చెప్పమన్నారు. బొమ్మ ఒక అర్ధగోళానికే అందేలా చూపుకి ఒక పక్కన మాత్రమే వేశారు. ఎడమ మెదడు కుడిచేతి బొమ్మను బాగా గుర్తుపట్టింది, ఎడమచేతిది రాలేదు. కుడి మెదడుది దీనికి సరిగ్గా తిరగబడిన కథ. మనం చేతి బొమ్మ చూసినప్పుడు తెలియకుండానే మన చేతిని ఆ భంగిమలోకి ఊహలో తిప్పి చూసుకుంటాం. ఆ తిప్పడం ఏ చేతికి ఆ చేతి యజమాని మెదడే చేస్తోందన్నమాట.

ఇంతవరకు సమాన పంపకమే. ఎడమ మెదడు పైచెయ్యి ఆ తర్వాత బయటపడుతుంది. ఎడమ మెదడు దెబ్బతిని కుడిచెయ్యి పడిపోయిన చాలామందిలో, బాగున్న ఎడమచెయ్యి కూడా సైగలు చేయడంలో, వస్తువు వాడడం చూపించడంలో తప్పటడుగులు వేస్తుందని జర్మన్ వైద్యుడు హ్యూగో లీప్‌మన్ 1900ల మొదట్లోనే గమనించాడు. ఊహలో చేసే కదలికల వేగం కొలిచిన తర్వాతి పరీక్షల్లోనూ అదే పోలిక. ఎడమ మెదడు దెబ్బతింటే రెండు చేతుల ఊహా మందగిస్తుంది. కుడి మెదడు దెబ్బతింటే ముఖ్యంగా ఎడమచేతి ఊహే మందగిస్తుంది. కుడి మెదడు ప్రత్యేకత వేరే: ఒంటి భాగాలు ఎక్కడెక్కడ ఉన్నాయన్న ఎరుక, చుట్టూ ఉన్న చోటు మీద, అందులోనూ ఎడమ పక్క మీద ధ్యాస. ఎడమచేతి వాటం వాళ్లలో ఈ పంపకం ఇంత గట్టిగా ఉండదు. మీ అమ్మగారిది కుడిచేతి వాటమని రాయడం మంచిదైంది.

దీని నుంచి మీకు మొదటి పని తేలుతోంది. అమ్మగారి ఎడమచెయ్యి ఎలా ఉందో చూడండి. వస్తువేమీ ఇవ్వకుండా “తాళంచెవితో తాళం తీయడం చూపించమ్మా” అనండి. వేళ్లతో తాళంచెవి పట్టుకున్నట్టు మణికట్టు తిప్పితే సరే. చూపుడువేలునే తాళంచెవి చేసి తిప్పినా, చెయ్యి ఎటు తిప్పాలో తెలియక తికమకపడినా ఆ సంగతి ఫిజియోథెరపిస్టుకి చెప్పండి. కదలికల పథకమే కొంత చెదిరిందన్నమాట. అప్పుడు ఉత్త ఊహ కన్నా ముందు వస్తువు చేతిలో పెట్టి చేయించడం, ఎదుటివాళ్లు చేస్తుంటే చూడడం ఎక్కువ పనికొస్తాయి. ఇదే పరీక్షని బ్రష్‌తో పళ్లు తోమడం చూపించమని చేస్తారు కొందరు. పళ్లపొడితో వేలుపెట్టి తోముకోవడం అలవాటున్న ఇళ్లలో ఆ ప్రశ్న పనికిరాదు. అక్కడ వేలు చూపించడమే సరైన జవాబు!

రెండో పని, ఊహ ఎంత మిగిలిందో తేల్చుకోవడం. దీనికి మీ ఫోను చాలు. మీ సొంత కుడిచేతిని అరచేతి వైపు, వెనకవైపు ఫొటోలు తీయండి. ఒక్కోదాన్నీ వేళ్లు పైకి, కిందికి, ఎడమకి, కుడికి ఉండేలా తిప్పితే ఎనిమిది బొమ్మలవుతాయి. వాటిని ఫోనులోనే అద్దంలో కనిపించినట్టు తిరగేస్తే ఇంకో ఎనిమిది ఎడమచేతి బొమ్మలు వస్తాయి. వరస కలిపేసి ఒక్కొక్కటీ చూపించి ఏ చెయ్యో అడగాలి. నోటితో మాత్రం చెప్పించకండి. మాట తడబడేవాళ్లకి “కుడి”, “ఎడమ” అన్న పదాలే జారిపోతాయి. పైగా ఎడమ మెదడు వెనకభాగం దెబ్బతిన్న కొందరికి ఆ రెండు పదాల మధ్య తేడాయే గజిబిజి అవుతుంది. మాట తప్పితే ఊహ తప్పిందని మీరు పొరబడతారు. బొమ్మలో ఉన్నది తన ఏ చెయ్యో ఆ చేతివైపు చూడమనండి, లేదా గడ్డంతో చూపించమనండి. చేతులు రెండూ తువ్వాలు కింద ఉంచండి. కంటితో పోల్చి చెప్పేస్తే పరీక్ష దండగ.

పదహారింటికి పదమూడు సరిపోతే ఊహకి పునాది ఉన్నట్టే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఒక్కో బొమ్మకి సుమారు రెండు సెకన్లు తీసుకుంటారు. వయసుని బట్టి, పక్షవాతాన్ని బట్టి ఎక్కువ పట్టడం మామూలే. వేగం కన్నా ఇంకోటి గమనించండి. కుడిచేతి వేళ్లు శరీరం వైపుకి, అంటే ఎడమకి తిరిగిన బొమ్మలకన్నా బయటికి, కుడివైపుకి తిరిగిన బొమ్మలకి ఎక్కువసేపు పట్టాలి. నిజంగా చెయ్యి అలా తిప్పడం కష్టం కదా. ఆ కష్టం సమాధానంలో కనిపిస్తే, ఆవిడ బొమ్మని బొమ్మగా కాక తన చేతితో కొలుస్తున్నారని అర్థం. సగానికి సగమే సరిపోతుంటే అది గుడ్డి ఊహాగానం. అప్పుడు రెండు వారాల పాటు రోజుకి మూడు నాలుగు సార్లు, అయిదేసి నిమిషాలు ఈ బొమ్మల ఆటే ఆడించండి. కదలికల ఊహ తర్వాత.

మూడోది గడియారం పరీక్ష. ఎడమచేత్తో స్టీలు గ్లాసు ఎత్తి పెట్టడం అయిదుసార్లు నిజంగా చేయించి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. తర్వాత అదే అయిదుసార్లు ఊహలో. ఆపైన కుడిచేతికీ, వీలైనంత మేరకు, ఇలాగే. మొదలుపెట్టేటప్పుడు, అయిపోయాక “ఊ” అంటే చాలు. ఊహలో చేసే పనికి నిజంగా చేసే పనికి పట్టినంత సమయమే పట్టాలి. పన్నెండు సెకన్ల పని మూడు సెకన్లలో అయిపోతోందంటే ఆవిడ చేతిని ఊహించడం లేదు, “గ్లాసు ఎత్తాను” అన్న వాక్యాన్ని అనుకుంటున్నారు. ఏంజెలా సిరిగు బృందం 1996లో చూపించింది ఈ తేడానే. మెదడులో చేతిని నడిపే పట్టీలాంటి భాగం దెబ్బతిన్నవారి ఊహ నెమ్మదించింది గానీ, వాళ్ల నిజమైన కదలిక ఎంత నెమ్మదో అంతే నెమ్మదించింది. లెక్క కుదిరింది. దాని వెనక, నడినెత్తికి వెనకవైపున ఉండే పెరైటల్ భాగం దెబ్బతిన్నవాళ్లకి మాత్రం ఊహలోని సమయానికీ నిజమైన సమయానికీ పొంతన తప్పింది. కాబట్టి కుడిచేతి ఊహ నెమ్మదిగా సాగితే కంగారు పడకండి, అది నిజాయితీ. ఒకసారి మూడు సెకన్లు, ఒకసారి ఇరవై అయితేనే ఆలోచించాలి. స్కాను రిపోర్టులో దెబ్బ ఎక్కడుందో డాక్టరుగారిని అడిగితే ఈ అంకెలకి అర్థం ఇంకా తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ఫిర్యాదు: కనిపిస్తోంది గానీ ఏమీ అనిపించడం లేదు. ఊహ రెండు రకాలు. చేతిని చూడడం ఒకటి, చేతిలో ఉండి చేయడం ఇంకోటి. టీవీలో చూసినట్టు చెయ్యి కనబడితే ఎక్కువగా మెదడు వెనకభాగంలోని చూపు ప్రాంతాలు పనిచేస్తాయి. కండరం బిగువు, బరువు, స్పర్శ తెలిసేలా ఊహిస్తేనే కదలికని సిద్ధంచేసే ప్రాంతాలు గట్టిగా మేలుకుంటాయి. తల మీంచి అయస్కాంత తాకిడి ఇచ్చి చేతి కండరం ఎంత స్పందిస్తుందో కొలిచిన పరీక్షల్లో, స్పర్శతో కూడిన ఊహే ఆ స్పందనని పెంచింది. ఉత్త దృశ్యం పెంచలేదు. అమ్మగారు చేస్తున్నది మొదటి రకం. చాలామంది అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే “ఊహించుకోండి” అనగానే కళ్లు మూసుకుని బొమ్మ వెతుక్కుంటారు.

రెండో రకానికి రప్పించాలంటే చేతికి గుర్తు చేయాలి. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి రెండు చేతులూ బల్ల మీద పెట్టించండి. పడుకోబెడితే నిద్రపోతారు, భోజనం తర్వాత అయితే మరీను. ముందు ఎడమచేత్తో చల్లటి నీళ్లున్న స్టీలు గ్లాసు నిజంగా పట్టుకోమనండి. చలువ, బరువు, అంచు నున్నదనం. గ్లాసు తీసేశాక, అదే పట్టుని ఎడమచేత్తో ఊహలో ఒకసారి. అప్పుడు కుడిచేతికి రండి. వీలైనంత మేరకు కుడిచెయ్యి నిజంగా ఒకసారి ప్రయత్నం, మీరు కాస్త ఆసరా ఇవ్వొచ్చు. వెంటనే ఊహలో అయిదుసార్లు. మళ్లీ ఒకసారి నిజంగా, అయిదుసార్లు ఊహలో. ఇలా నాలుగు విడతలంటే నిజంగా నాలుగు, ఊహలో ఇరవై. ఇరవై ఊహలు ఏకబిగిన చేయిస్తే ఎనిమిదో తొమ్మిదో వచ్చేసరికి అనుభూతి పలచబడి మళ్లీ టీవీ బొమ్మే అవుతుంది. మధ్యలో ఆ ఒక్క నిజమైన ప్రయత్నం దాన్ని తాజాగా ఉంచుతుంది.

మాట తడబడుతోంది కాబట్టి సూచనలు పొట్టిగా, ఎప్పుడూ అవే మాటల్లో ఉండాలి. “చెయ్యి ముందుకి. వేళ్లు విప్పు. పట్టుకో. ఎత్తు. దించు. వదులు.” ఒక్కో మాటకీ మధ్య రెండు మూడు సెకన్ల ఎడం. ఈ ఆరింటిలో “వేళ్లు విప్పు”, “వదులు” అనేవి మింగేయకుండా చూడండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మనం ఎవరమూ వాటిని గమనించం, ఊహలోనూ దాటేస్తాం. అమ్మగారికి పోయింది సరిగ్గా ఆ విప్పడమే. ఊహ సమయంలో సగం అక్కడే ఖర్చుపెట్టండి: బొటనవేలు పక్కకి జరగడం, నాలుగు వేళ్లూ ఒక్కొక్కటిగా తెరుచుకోవడం, అరచేతికి గాలి తగలడం.

ఊహిస్తున్నంతసేపూ మీ కన్ను ఆవిడ కుడి పిడికిలి మీద ఉండాలి. వేళ్లు బిగుసుకుంటుంటే ఆవిడ ఊహించడం మానేసి కదపడానికి తంటాలు పడుతున్నారు. భుజం పైకి లేచినా, ఊపిరి బిగబట్టినా అదే సంగతి. ఆపి, నాలుగు నిదానమైన ఊపిరుల తర్వాత మళ్లీ మొదలుపెట్టండి. “గట్టిగా ప్రయత్నించమ్మా” అన్న ప్రోత్సాహం ఇక్కడ చెడ్డ సలహా.

మొదటి వారం పది నిమిషాలు, రోజుకి రెండుసార్లు చాలు. తర్వాత ఇరవై, ఓపిక ఉంటే ముప్ఫై నిమిషాలకి పెంచండి. ఊహతో మెదడు నిజంగానే అలసిపోతుంది, ఒళ్లు కదల్లేదు కదా అని చిన్నచూపు చూడొద్దు. గ్లాసు సమయం కుదురుకున్నాక వేరే పని ఎత్తుకోండి: తలుపు గొళ్లెం, జాకెట్టు హుక్కు, చపాతీ ముక్క తుంచడం. ఆవిడ చేతికి బాగా అలవాటైన పనులనే ఎంచుకోండి. పియానో వాయించినట్టు ఊహించమని ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంటుంది. ఎప్పుడూ వాయించని చేతికి దాని స్పర్శ ఎక్కడి నుంచి వస్తుంది?

ముగ్గు అందుకు బ్రహ్మాండమైన పని, కాకపోతే ఇది రెండో నెలకి ఉంచండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి చిటికెడు పిండిని సన్నగా జారవిడవాలంటే బిగువూ సడలింపూ ఒకేసారి కావాలి. అది చాలా నైపుణ్యం. వాకిట్లో గొంతుక్కూర్చుని పెడుతున్నట్టు ఊహించమనకండి. ఒళ్లు కుర్చీలో, చెయ్యి బల్ల మీద ఉండగా ఊహలో వంగి నేల మీద పెట్టాలంటే భంగిమలు కొట్టుకుంటాయి. నిజమైన చేతి భంగిమ ఊహలోని భంగిమతో కలిసినప్పుడే ఊహ తేలిగ్గా సాగుతుందని పరీక్షల్లో తేలింది. బల్ల మీద పళ్లెం పెట్టి అందులో పిండి పరిచి, ఆ పళ్లెంలో నాలుగు చుక్కలు, వాటిని కలిపే ఒక గీత. మొదట చుక్కలే. గీత గీయాలంటే పిండి జారుతూ ఉండగానే మణికట్టు నడవాలి, అది తర్వాత. ఊహకి ముందు ఆ పిండిని రెండు చేతుల వేళ్లకీ తగిలించండి. ఆవిడకి అలవాటైంది బియ్యప్పిండయితే బియ్యప్పిండే, ముగ్గురాయి పొడయితే అదే. గరుకుదనం తేడా చేతికి గుర్తుంటుంది.

ఎడమచేతి ఊహ కూడా చేయించాలా అంటే, కొలత కోసం, గుర్తు చేయడం కోసం విడతకి ఒకటి చాలు. బరువంతా కుడిచేతి మీదే ఉండాలి. చీర మడతపెట్టడం, పూలు కట్టడం లాంటి రెండు చేతుల పనులు ఒంటిచేతి పనులు కుదిరాకే.

ఒక హెచ్చరిక. పక్షవాతం చేతిలో కొందరికి వాపు, మెరిసే చర్మం, ముట్టుకుంటే మంట వస్తాయి. అలాంటి చేతిలో కదలికని ఊహించినా నొప్పీ వాపూ పెరగొచ్చు. మీ అమ్మగారికి అలా అయితే ఊహ ఆపి బొమ్మల ఆటకి వెనక్కి వెళ్లండి, డాక్టరుకి చూపించండి. ఆస్ట్రేలియాకి చెందిన లోరిమర్ మోస్లీ ఇలాంటి నొప్పి చేతులకి 2004లో పరీక్షించిన క్రమం ఇదే: రెండు వారాలు చేతి బొమ్మలు, రెండు వారాలు ఊహ, రెండు వారాలు అద్దంలో చేతిని చూస్తూ చేసే వ్యాయామం. వరస మార్చితే ఫలితం తగ్గిందని తర్వాత ఆయనే చూపించాడు.

ఈ శీర్షిక చదివే ఇళ్లలో కుడి మెదడు దెబ్బతిని ఎడమచెయ్యి పడిపోయినవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ఒక ముక్క. వాళ్లలో కొందరికి ఎడమ పక్కన ఉన్నదేదీ ధ్యాసకి రాదు, ఊహలోనూ. ఇటలీలో బిసియాక్, లుజ్జాట్టి 1978లో ప్రచురించిన పరీక్షలో అలాంటి రోగులని మిలాన్ కేథడ్రల్ ముందున్న చౌరస్తాని ఊహించి వర్ణించమంటే కుడి పక్క భవనాలే చెప్పారు. అవతలి చివర నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించమంటే ఇందాక వదిలేసినవి చెప్పి, చెప్పినవి వదిలేశారు. అలాంటివాళ్లకి కళ్లు మూయించకండి. ఎడమచేతిని చూస్తూ, దాన్ని మీరు తాకుతూ ఊహించనివ్వండి.

ఎంత ఆశించవచ్చు? ఊహ ఒక్కటే సరిపోదు. నిజమైన చేతి సాధనతో కలపకుండా ఊహని మాత్రమే సాధన చేయించి బ్రిటన్‌లో 121 మందిపై జరిపి 2011లో ప్రచురించిన పరీక్షలో ప్రయోజనం కనిపించలేదు. మిగతా చికిత్సకి తోడుగా చేర్చినప్పుడు మాత్రం చేతితో పనులు చేసుకోవడం మెరుగవుతుందని ఎన్నో పరీక్షల ఫలితాలని కలిపి చూసిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. అందుకే ఊహలో వ్యాయామాన్ని ఫిజియోథెరపీ అయిన గంటలోపే పెట్టుకోండి, దాని బదులుగా కాదు. వారానికోసారి గ్లాసు పరీక్ష సమయాలు, బొమ్మల లెక్క ఒక కాగితం మీద తారీఖుతో రాసి ఫిజియోథెరపిస్టుకి చూపించండి. ఆరు వారాలైనా కుడిచేతి సమయాలు ఒక దారికి రాకపోతే, నిమిషాలు పెంచమని కాదు, పద్ధతి మార్చమని అడగండి. అద్దం వ్యాయామం అప్పుడు మంచి ప్రత్యామ్నాయం. కదిలే ఎడమచెయ్యి అద్దంలో కుడిచెయ్యిలా కనిపిస్తుంది కాబట్టి అమ్మగారు దాన్ని ఊహించుకోవాల్సిన అవసరం ఉండదు.